పురుగులకు ఊదు

బస్సు నడిపే మనిషి ఇంట్లో కూర్చుంటే ఇల్లు ఎట్లా తయారవుతుందో ఖుర్షీద్ బేగంకి ఈ మూడు వారాల్లో బాగా తెలిసొచ్చింది. తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెకు భూపాలపల్లి డిపో గేటు మూతపడ్డప్పటి నుంచి ఆమె మొగుడు చాంద్‌పాషా పొద్దున్నే లేచి, ఎక్కడికీ పోయేది లేకపోయినా గడ్డం గీసుకుని, చాయ్ తాగి, ఇల్లంతా తనిఖీ చేస్తున్నాడు. పప్పు డబ్బా మూత ఎందుకు వదులుగా ఉంది? నల్లా ఎందుకు కారుతోంది? ఆ నల్లా పదేళ్లుగా కారుతూనే ఉంది. ఈ మహానుభావుడికి ఇప్పుడు కనపడింది!

"జర పోయి డిపో కాడ టెంటుల కూసోరాదు? నా తలకాయ సల్లవడ్తది," అంది ఖుర్షీద్.

"పన్నెండు గంటలకు డిపో ముందట రోడ్డు మీద వంటావార్పు ఉన్నది. అప్పుడు పోత. గిటు రా జర, ఉజ్మా డబ్బాల ఏందో అయింది."

ఆ డబ్బా పేరెత్తితేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఉజ్మా వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. హనుమకొండ హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది, అదీ జంతువుల చదువు. కాలేజీలో సారు ఇచ్చాడని సెలవులకు వస్తూ ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చింది. అందులో ఏముంటాయనుకున్నారు? బొద్దింకలు! మామూలువైనా కాదు, ఎక్కడో మడగాస్కర్ దీవివట. రెక్కలుండవు. మగవాడి బొటనవేలంత తల్లి, దాని వెనక పద్దెనిమిది పిల్లలు. ముడితే తల్లి పాములా బుస్సుమంటుంది. చెప్పుతో కొట్టాల్సిన వాటికి క్యారెట్ ముక్కలు కోసి పెట్టే ఆడపిల్లను ఎక్కడైనా చూశారా?

మహబూబాబాద్ నుంచి సంబంధం వాళ్లు వచ్చిన రోజు ఆ తల్లి బొద్దింక డబ్బాలోంచి ఎట్లా బయటపడిందో ఏమో, నేరుగా వెళ్లి పిల్లాడి మేనత్త కాళ్ల దగ్గర బుస్సుమంది. ఆమె చేతిలోని సేమియా గిన్నె ఆమె ఒడిలోనే బోర్లా పడింది. వాళ్లు మళ్లీ ఫోను చేయలేదు. వాళ్లటు పోగానే ఉజ్మా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"పెండ్లి ఇప్పుడే వద్దని మొత్తుకుంటనే ఉన్న గదమ్మీ. నేను ఎమ్మెస్సీ చేస్త," అంది.

"ఈ ఇంట్ల ఆ పురుగులన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె!" అని అరిచింది ఖుర్షీద్.

"అయితే పురుగులనే ఉంచుకో," అని ఉజ్మా తెల్లారి మొదటి బస్సుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత వారానికే బస్సులు ఆగిపోయాయి. ఊళ్లో అందరి పిల్లలనూ వాళ్ల వాళ్ల ఇళ్లకు చేర్చిన చాంద్‌పాషాకు తన బిడ్డను తెచ్చుకునే బస్సు లేకుండా పోయింది. ఆపిన వాళ్లలో ఆయనా ఒకడు, ఇక ఎవరిని అనేది? ఉజ్మా తండ్రితో మాట్లాడుతుంది, తల్లితో మాట్లాడదు. ఇరవై తొమ్మిది రోజులైంది. ఖుర్షీద్ ఆ డబ్బాను పారబోద్దామని రెండుసార్లు వాకిట్లోకి తీసుకెళ్లింది. రెండుసార్లూ మూత మీద కూతురి చేతిరాత కనపడింది, 'ఎండలో పెట్టొద్దు' అని. తెచ్చి మళ్లీ కుట్టుమిషను మీద పెట్టింది.

ఇప్పుడు మొగుడి పక్కన నిలబడి డబ్బాలోకి తొంగి చూసింది. గోధుమరంగు పిల్లల మధ్య నాలుగు పాలిపోయి, వడ్లపొట్టు తీసిన బియ్యపు గింజల్లా తెల్లగా ఉన్నాయి. పక్కన ఖాళీ తోళ్లు పడి ఉన్నాయి.

"యా అల్లా! ఏం రోగమచ్చింది వీటికి?" అంది, తనకు తెలియకుండానే.

చాంద్‌పాషా ఉజ్మాకు ఫోను కలిపాడు. ఇంజను పక్కన కూర్చునీ కూర్చునీ చెవులు మందగించాయి కాబట్టి ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

"రోగం కాదబ్బా, కుబుసం ఇడుస్తున్నయి," అంది ఉజ్మా గొంతు. "పెరిగినకొద్ది పైతోలు ఇరుకైతది. ఈపు మీద పలిగి గట్ల తెల్లగ బయటికస్తయి. ఆరుసార్లు ఇట్లయితెనే పెద్దగైనట్టు. కొన్ని గంటలు మెత్తగుంటయి, ఎవ్వలు ముట్టొద్దు. జర నీళ్లు చిలకరించుర్రి." ఆ వెంటనే గొంతు తగ్గించింది. "అమ్మీ ఏం చేస్తున్నది?"

"ఈడనే ఉన్నది. ఫోన్ ఇయ్యాల్నా?"

ఖుర్షీద్ తడిచేయి కొంగుకు తుడుచుకుని గబుక్కున ముందుకు చాపింది.

"వద్దులే అబ్బా. కరెంటు లేదు, ఛార్జింగ్ అయిపోతున్నది," అని ఉజ్మా పెట్టేసింది.

చాపిన చేతిని ఏం చేయాలో తెలియక ఖుర్షీద్ డబ్బా మూత మీద దుమ్ము తుడిచింది.

ఆ రోజు గురువారం. ప్రతి జుమ్మేరాత్ నాడు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే బొగ్గుల మీద ఊదు వేసి ఇల్లంతా పొగ చూపించడం ఖుర్షీద్‌కు ఆమె తల్లి నేర్పిన పద్ధతి. ఇంట్లో పిల్లల తలల మీదుగా ఆ పొగ తిప్పితే నజర్ తగలదు. పిల్ల ఇంట్లో లేదు. అందుకని ఉజ్మా దిండుకు పట్టింది. పుస్తకాలకు పట్టింది. గుమ్మం పక్కనున్న పాత చెప్పులకు కూడా పట్టింది. చివరికి కుట్టుమిషను దగ్గరికొచ్చి ఆగిపోయింది. మెత్తగా, తెల్లగా, అప్పుడే పుట్టిన పిల్లల్లా ఉన్నాయి. పుట్టిన పిల్లలకే కదా దిష్టి తొందరగా తగిలేది! బిస్మిల్లా అనుకుని ఇంకో చిటికెడు ఊదు వేసి, మూత తీసి, డబ్బా నిండా పొగ పట్టించి మళ్లీ మూత పెట్టింది.

తెల్లారి చూస్తే నాలుగు తెల్లవీ వెల్లకిలా పడి ఉన్నాయి. ముట్టుకున్నా కదల్లేదు. మూతకు ఇంకా ఊదు వాసన వస్తోంది. చాంద్‌పాషాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పగ తీర్చుకున్నవా?" అని అరిచాడు. పెళ్లయ్యాక ఆయన అంత గొంతెత్తడం అదే మొదలు. "పురుగులన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె అన్నవు. పిల్లను ఎల్లగొట్టినవు. ఇప్పుడు వీటిని గూడ బతకనియ్యవా?"

ఖుర్షీద్ మాటకు మాట చెప్పే మనిషి. ఆ రోజు మాత్రం గోడకు జారగిలబడి కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి చేయి చాపింది.

"ఫోన్ ఇయ్యి. నేనే చెప్త."

"నేను చెప్తలే..."

"ఇయ్యమంటున్న గద!"

అటునుంచి "అబ్బా," అంది ఉజ్మా.

"నేను బిడ్డా." ఇన్నాళ్లూ దాచుకున్న మాటలన్నీ మరిచిపోయింది. "నీ పురుగులు నాలుగు సచ్చిపోయినయి. నేనే సంపిన. ఊదు పట్టిన."

"ఊదా? పురుగులకు ఊదు ఎవలన్న పడ్తరా అమ్మీ! అవి పక్కలకున్న బొక్కలతోని గాలి పీలుస్తయి. మెత్తగున్నప్పుడు పొగ పెడితె ఇంకేమన్నున్నదా?"

"నాకేమెరుక? జుమ్మేరాత్ నాడు ఇంట్ల పిల్లలకు పడ్తం గద. నువ్వు లేవు. నీ దిండుకు పట్టిన, నీ చెప్పులకు పట్టిన. వీటిని ఒక్కటే ఎట్ల ఇడిసిపెట్టాలె? నజర్ తగుల్తదనుకున్న..."

అటువైపు ముక్కు చీదిన చప్పుడు, ఆ వెంటనే ఫోను కట్టయిన చప్పుడు. ఖుర్షీద్ మళ్లీ చేసింది. స్విచ్ఛాఫ్. ఇక జన్మలో మాట్లాడదనుకుంది.

శనివారం మధ్యాహ్నం వాకిట్లో బండి చప్పుడైంది. ఉజ్మా స్నేహితురాలు సంగీతది టేకుమట్ల దగ్గర తండా. ఆమెను తీసుకుపోవడానికి అన్న ప్రేమ్‌సింగ్ హనుమకొండ వస్తే, ముగ్గురూ ఒక్క బండి మీద ఇరుక్కుని వచ్చారు. వాళ్లు మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఉజ్మా దుమ్ము కొట్టుకున్న ముఖంతో గుమ్మంలో నిలబడింది.

"దిండుకు గూడ పట్టినవా అమ్మీ?" అంది.

ఖుర్షీద్ ఎదురొచ్చి బిడ్డ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లారా చూసుకుంది.

ఇద్దరూ డబ్బా ముందు కూర్చున్నారు. మిగిలిన పద్నాలుగు పిల్లల్లో ఒకటి అట్టముక్కకు తలకిందులుగా వేలాడుతూ కుబుసం విడుస్తోంది. వీపు పగిలి, తెల్లటి ఒళ్లు సగం బయటికొచ్చి ఆగింది. గింజుకుంటోంది. చూడలేక ఖుర్షీద్ దాన్ని లాగబోయింది. ఉజ్మా తల్లి మణికట్టు పట్టుకుంది.

"ముట్టద్దమ్మీ. లాగితె కాళ్లు ఊడ్తయి. దానంతటదే వస్తది."

ఖుర్షీద్ చేయి వెనక్కి తీసుకోలేదు, కూతురి చేతిలోనే ఉంచేసింది. చాంద్‌పాషా కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. చాలాసేపటికి అది కాళ్లన్నీ విడిపించుకుని, పాత తోలు పక్కన తెల్లగా అలసిపోయి నిలబడింది. ఖుర్షీద్ కళ్లు తుడుచుకుంది.

"ఎమ్మెస్సీ ఎన్నేండ్లు?"

"రెండేండ్లు."

"మంచిది. మహబూబాబాద్ మేనత్త ఫోన్ చేస్తె నేనే చెప్త, మా ఇంట్ల పురుగులు ఇంక ఉన్నయని."

ఉజ్మా నవ్వింది. ఈసారి ఆ నవ్వుకు ఎవరికీ కోపం రాలేదు.

"బస్సులు నడిచినంక డబ్బా తీస్కపోతనమ్మీ. నీకు పరేషాన్ ఉండది."

"వద్దు," అంది ఖుర్షీద్ గబుక్కున. "ఈడనే ఉండనియ్యి. వీటిని చూడనీకన్న నువ్వు ఇంటికస్తవు గద బిడ్డా."

ఉజ్మా తల దించుకుంది. మూత మెల్లగా పెట్టి, డబ్బాను ఎప్పటిలాగే కుట్టుమిషను మీదికి జరిపింది.