అక్క ఎత్తిన చెయ్యి

సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఫైలు మూసి ఏజెంట్ వంక చూశాడు. కదిలే బొమ్మలు చేసే శిల్పిని సోమవారం వర్క్‌షాప్‌లోనే కాల్చి చంపేశారు. ఆమె ఆఖరి బొమ్మను ఈ సాయంత్రం అయిదింటికి ఎగ్జిబిషన్‌లో ఆడిస్తారు. అందులో శత్రువుల సందేశమేదో దాచారని కబురు.

"ఈ పని ఇంకొకరికి ఇమ్మంటే ఇస్తాను," అన్నాడు. చనిపోయింది ఏజెంట్ సొంత అక్క.

"అక్క బొమ్మ లోపల ఏముందో నాకంటే ఎవరికి తెలుసు సార్?"

నాలుగూ నలభైకి మెకానిక్ వేషంలో, నూనె డబ్బాతో గ్యాలరీ వెనక గదిలో ఉన్నాడు. ఎదురుగా, చెక్కతో చేసిన గుమ్మంలో నిలబడ్డ ఇత్తడి ఆడబొమ్మ. అచ్చం అక్క పోలికే. లోపల చెక్క చక్రం తిరుగుతుంటే దాని అంచు మీది గుబ్బలు ఆమె చేతిని పైకి నెడతాయి.

గ్యాలరీ మేనేజర్ తలుపు గడియ వేసింది. ముత్యాల దండ, ఖరీదైన సెంటు. విదేశీ ముఠా జీతం తింటూ మన శాఖకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్.

"నూనె సరిపోతుందా?"

"చుక్క చాలు."

కోడ్‌వర్డ్ సరిపోయాక గబగబా చెప్పింది. ముఠా చక్రం మార్చేసింది. బొమ్మ చేతి పొడుగు ఊపులు, పొట్టి ఊపులు కలిపితే టెలిగ్రాఫ్ భాషలో మన ఆరుగురు ఏజెంట్ల అడ్రసులు. ఆ ఊపులు చదివే ముఠా మనిషి ముందు వరసలో కూర్చున్నాడు. మన నిఘా మనిషి పక్కనే ఉన్నాడు కాబట్టి వాడి చేతికి కాగితం ఇవ్వలేరు, కళ్లకు గంతలైతే కట్టలేం కదా! అలాగని బొమ్మ అసలు కదలకపోతే గుట్టు విప్పింది తనేనని ముఠాకు తెలిసిపోతుంది. కదిలి తప్పు చెబితే మాత్రం చక్రం చెక్కినవాడి ఖర్మ.

"అక్క చేసిన చక్రం?"

"తగలబెట్టేశారు. మార్చనివ్వనందుకే ఆవిణ్ణి..." ఆమె తల దించుకుంది. "అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అంతకు ముందే నాకు టీ ఇచ్చింది."

తిట్టడానికి కూడా అతనికి టైము లేదు. ఆకురాయి తీసి పని మొదలుపెట్టాడు. ఆకురాయి గుబ్బను అరగదీస్తుంది గానీ కొత్తది పుట్టించదు. పోయిన అక్క చక్రం ఇక రాదు. ఒక్కొక్క గుబ్బే చదును చేస్తూ, ఒకే ఒక్కటి మిగిల్చాడు.

తను బయల్దేరినప్పుడల్లా అక్క గుమ్మంలో నిలబడి చెయ్యి ఒక్కసారి ఎత్తి, నెమ్మదిగా దించేది. ఊపేది కాదు. ఊపితే వెళ్లిపొమ్మన్నట్టు ఉంటుందిరా అనేది.

ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ అరిగేసరికి గడియారం అయిదు కొట్టింది. తెర లేచింది. ఇత్తడి చెయ్యి పైకి లేచి, ఆగి, మెల్లగా దిగింది. చక్రం ఎన్నిసార్లు తిరిగినా అంతే. ముందు వరసవాడు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశాడు. జనం చప్పట్లు కొడుతుంటే, తెర పక్కన మెకానిక్ నూనె గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తిరిగొచ్చాక చీఫ్ ఒక్కటే అడిగాడు. "సందేశం ఎవరికీ అందలేదుగా?"

"ఒక్కడికి అందింది సార్," అన్నాడు ఏజెంట్. "మనవాడేలెండి."