అణగని సొట్ట

ఎడారికీ సముద్రానికీ మధ్యనున్న తల్తాల్ రేవులో రేకుపని తెలిసిన ఆడమనిషి ఓడిలియా ఒక్కతే. తండ్రి పోయాక ఆయన షెడ్డూ, ఆయన సుత్తులూ ఆమెవయ్యాయి. నీళ్ల తొట్లు, పడవ ఇంజన్ల మూతలు, చేపలకు పొగపెట్టే పెట్టెలు... ఊళ్లో ఏ రేకు వంచాలన్నా ఆమె దగ్గరికి రావలసిందే. ఆ షెడ్డులో ఓ మూల, దుప్పటి కింద, ఆమె తమ్ముడు ఎవరిస్తో మోటార్‌సైకిల్ ఉంది.

దూరప్రయాణాల బండి అది. వెడల్పాటి సీటు, రెండు పక్కలా పెట్టెలు, ముందు గాలికి అడ్డంగా అద్దం. దాని ముదురాకుపచ్చ రంగు ఎవరిస్తో తనే కలుపుకుని వేసుకున్నాడు. దాని మీద దక్షిణాన రోడ్డు ఆగిపోయే చోటుదాకా పోవాలని వాడి కోరిక. చలికాలం మొదట్లో, సముద్రం పక్క రోడ్డు మీద, పొగమంచులో వాణ్ని ఎవడో వెనకనుంచి గుద్ది వెళ్లిపోయాడు. బండి ముందు భాగానికి గీత కూడా పడలేదు. వెనక మడ్‌గార్డు మాత్రం నుజ్జయింది. వాడూ అంతే.

"పొగమంచులో జరిగిందమ్మా. చూసినవాళ్లు లేరు" అన్నారు పోలీసులు. అంతటితో సరి.

అప్పటినుంచి ఓడిలియా కోపంతోనే నిద్ర లేచేది, కోపంతోనే పడుకునేది. చిన్నప్పుడు తల్లి పోతే వాణ్ని చంక దించకుండా పెంచిన చెయ్యి ఆమెది. ఓదార్చడానికి వచ్చినవాళ్లని కూడా కసిరి పంపింది. రోడ్డు మీద లారీ కనిపిస్తే దాని ముందు భాగం కేసి గుచ్చిగుచ్చి చూసేది.

ఆమె మొగుడు ఉలీసెస్‌ది నీళ్ల ట్యాంకరు. ఎడారి లోపలి గనులకు నీళ్లు తోలతాడు. బావమరిది శవపేటికకి భుజం పట్టింది అతనే. చచ్చిపోయిన చోట రోడ్డు పక్కన చిన్న గూడు కట్టి, కొవ్వొత్తి వెలిగించిందీ అతనే.

"ఆ బండి అమ్మేద్దాం ఓడీ" అన్నాడొకరోజు, రొట్టె మీద వెన్నలాంటి పల్తా పండు గుజ్జు రాసుకుంటూ. "చూసినప్పుడల్లా నీకు కడుపుమంట."

"అమ్మను. బాగుచేసి దక్షిణానికి నేనే పోతా. వాడు పోవాల్సిన చోటికి."

"వెనక మడ్‌గార్డు ఏదీ? ఆ కంపెనీ దాన్ని చెయ్యడం మానేసి ఏళ్లయింది."

"నేను చేస్తా. ఏం, నేను రేకుపని దాన్ని కానా?"

అతను నవ్వలేదు. లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ట్యాంకరు గనికి పోయాక ఓడిలియా పని మొదలుపెట్టింది. నలిగిన పాత మడ్‌గార్డును విప్పి, దాన్ని చూసి అట్టముక్క మీద ఆకారం గీసుకుంది. చదును రేకును గుండ్రంగా తిప్పాలంటే చాలా కష్టం. ముందే కొంచెం వంపు ఉన్న రేకు దొరికితే సగం పని తప్పుతుంది. వెతుకుతూ షెడ్డు వెనక్కి పోయింది. అక్కడ పాత వలల గుట్ట ఉంది. వలల కింద ఆమె చేతికి తగిలింది... పెద్ద చక్రం మీద ఉండే మడ్‌గార్డు. మందమైన మంచి ఉక్కు. తుప్పూ ఉప్పూ కలిసి అంగుళం మందాన పేరుకుంది. ఇంకా తడిగా ఉంది, నాచు వాసన వేస్తోంది. వలల వాసనే అనుకుంది. నాన్న ఎప్పుడో తెచ్చి పడేసి ఉంటాడు అనుకుంది.

దాని మీద రెండు సొట్టలున్నాయి. ఒకటి పెద్దది, మనిషి వీపంత. దాని పక్కనే, కాస్త కిందగా, ఇంకోటి చిన్నది. అరచేతిలో పట్టేంత.

అట్ట ప్రకారం రేకు కోసింది. ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టింది. పెద్ద సొట్ట అయిదారు దెబ్బలకే పైకి లేచి చదునైంది. చిన్నది మొండికేసింది. దాని మీద దెబ్బ పడితే ఖంగుమనలేదు. మెత్తగా... పిండిముద్ద మీద కొట్టినట్టు... దబ్‌మని చప్పుడు.

"నీ మొండితనం నా దగ్గరా?" అని పళ్లు కొరికి ఇనప సుత్తి అందుకుంది. కొట్టింది. ఆ కొట్టడంలో పోలీసులున్నారు, పొగమంచుంది, ఆగకుండా పోయిన ఆ దొంగముండాకొడుకు ఉన్నాడు. చివరికి చిన్న సొట్ట కూడా అణిగింది. సుత్తి పడేసింది.

పొద్దున్నే చూస్తే పెద్దది అలాగే చదునుగా ఉంది. చిన్నది మళ్లీ లోపలికి పోయి ఉంది.

మళ్లీ కొట్టింది. మళ్లీ అణిగింది. టీ తాగి వచ్చేసరికి... మళ్లీ సొట్ట.

ఓడిలియా చేతి తొడుగు తీసి దాని మీద అరచెయ్యి పెట్టింది. రేకంతా చల్లగా ఉంది, సముద్రపు గాలికి ఉన్నట్టే. ఆ సొట్ట ఒక్కటే వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు అంత వెచ్చగా.

చెయ్యి వెనక్కి లాక్కుంది.

పక్కింటి ఎదుబీనా పిన్ని కజ్జికాయల్లా కూరి వేయించిన ఎంపనాడాలు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమే, నిన్నటినుంచి ఎవర్నలా కొడుతున్నావు? మధ్యలో ఆ పిల్ల ఏడుపేంటి?"

"ఏ పిల్ల పిన్నీ?"

"నాకేం తెలుసు? మీ షెడ్డులోనేగా." పిన్ని లోపలికి తొంగి చూసింది, పిల్ల జాడ లేదు. ఎంపనాడాల పళ్లెం గుమ్మంలోనే పెట్టేసి, శిలువ గుర్తు వేసుకుంటూ వెళ్లిపోయింది.

ఓడిలియాకి ఆ రేకుని వదిలెయ్యాలనిపించింది. అయినా చేసే పని వదిలే మనిషి కాదు. సొట్ట ఉంటే ఉండనీ అనుకుంది. రేకు అంచులోకి తీగ పెట్టి మడిచింది, బోల్టులకు బెజ్జాలు వేసింది, వెనక దీపానికి చోటు కోసింది. రంగు వెయ్యడానికి ముందు తుప్పు వదలాలి. ఇనప బ్రష్షు పెట్టి గట్టిగా తోమింది. తుప్పు కింద పసుపు రంగు బయటపడింది. ఓ అంచున వెల్డింగు అతుకు కనబడింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఎవరి రాత వాళ్లకి తెలిసినట్టు ఎవరి అతుకు వాళ్లకి తెలుస్తుంది. అది తన అతుకే. పెళ్లయిన కొత్తలో ఉలీసెస్ ట్యాంకరు ముందు మడ్‌గార్డు చీలితే తనే అతికింది. మొన్న చలికాలంలో అతను కొత్తది వేయించుకొచ్చి, గని దారిలో కొండరాయి పడిందన్నాడు. తను నమ్మింది.

గుడ్డతో తుడిచి, దీపం దగ్గరగా పెట్టి చూసింది. పసుపు రంగు మీద సన్నటి గీతలున్నాయి. ఆ గీతల్లో ఇరుక్కుని ముదురాకుపచ్చ రంగు.

తమ్ముడి వీపు ఆనిన చోటుని తన చేతుల్తోనే కొట్టి చెరిపేసింది.

ఆమె ఏడవలేదు.  రంగు వెయ్యలేదు. ఆ రేకుని అలాగే, పసుపు మరకలతోనే, బండికి బిగించింది. ఒక్కో బోల్టూ కిర్రుమనేదాకా తిప్పింది.

సాయంత్రం సముద్రం మీద పొగమంచు లేస్తుండగా ఉలీసెస్ వచ్చాడు. బండి బయట నిలబెట్టి ఉంది. దాని వెనక భాగం చూడగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది... ఎక్కడిది?"

"దొడ్లో దొరికింది. ఏం, బాలేదా?"

"దొడ్లోనా? ఉండడానికి వీల్లేదు." నోరు జారినట్టు గతుక్కుమన్నాడు.

"ఎందుకు వీల్లేదు? ఎక్కు. తమ్ముడి గూట్లో కొవ్వొత్తి పెట్టొద్దాం."

"ఈ మంచులోనా? నీకేమన్నా పిచ్చా? రేపు పోదాం."

"భయమా? వాడి పెట్టె మోసినప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందేం?"

పిన్ని కిటికీలోంచి చూస్తోంది. వీధి చివర జాలరులు ఇటే చూస్తున్నారు.  ఉలీసెస్ వెనకెక్కి, ఆమె భుజాలు పట్టుకున్నాడు.

ఊరు దాటేసరికి మంచు రోడ్డుని మింగేసింది. దీపం వెలుగు రెండు బారల దూరంలో తెల్లగోడకి తగిలి ఆగిపోతోంది. ఎడమవైపు ఎక్కడో కింద సముద్రం రొప్పుతోంది. ఉప్పు వాసన, తడి మట్టి వాసన. ఏళ్ల తరబడి వాన లేని నేల అది... తడి మట్టి వాసన ఎక్కణ్నించి వస్తోందో తెలియలేదు.

"నెమ్మదిగా పో" గొణిగాడు ఉలీసెస్.

ఆమె వేగం పెంచింది.

వెనక మడ్‌గార్డులోంచి చప్పుడు మొదలైంది. దబ్... దబ్... చక్రానికి ఏదో తగులుతోందేమో అనుకుంది. వేగం తగ్గించినా చప్పుడు తగ్గలేదు. లోపలినుంచి ఎవరో చేత్తో కొడుతున్నట్టుంది.

"ఓడీ... ఆపవే..."

అప్పుడు తెలిసింది ఆమెకి. నడుం దగ్గర ఎవరో పట్టుకున్నారు. చొక్కాని పిడికిట్లో బిగించి. చిన్న పిడికిలి.

ఉలీసెస్ చేతులు రెండూ ఆమె భుజాల మీదున్నాయి.

రెండూ.

కిందికి చూడలేదు. చూస్తే బండి సముద్రంలోకి పోతుందని తెలుసు. చొక్కా లోంచి వెచ్చదనం ఒంటికి తగులుతోంది... జ్వరపు వెచ్చదనం... దవడ బిగించి, కళ్లు మంచులో గుచ్చి, గూడు దాకా తోలింది. బ్రేకు వెయ్యగానే నడుం మీది పట్టు వదిలింది. పక్కన కంకర మీద చిన్న అడుగుల చప్పుడు. అది గూడు వైపు పోయింది... ఆగింది.

ఉలీసెస్ బండి మీదనుంచి జారి నేల మీద పడ్డాడు. పాకుతూ వెనక్కి జరిగాడు.

"ఎందుకు ఆపలేదురా?" అంది ఓడిలియా. ఎన్నడూ మొగుణ్ని అలా పిలవలేదు. "ఇక్కడ, ఈ చోట, ఎందుకు ఆపలేదు?"

"ఆపాను! ఆపానే తల్లీ! ఒక్క కునుకు పట్టింది, అంతే... దిగాను. వాడు బతికే ఉన్నాడు."

ఓడిలియా బండి దిగి అతని మీదికి వచ్చింది. 

"బతికే ఉన్నాడా?"

"నన్ను చూశాడు. 'బావా' అన్నాడు. చెయ్యి చాపాడు..."

హెల్మెట్ తీసి అతని మొహం మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. అతను అడ్డం పెట్టుకోలేదు.

"నా తమ్ముడు బావా అని చెయ్యి చాపితే వదిలేసి పోయావా? పోయి నా ఇంట్లో కూర్చుని రొట్టె తిన్నావా? నా పక్కలో పడుకున్నావా?"

"ఎత్తుదామనే వంగాను! ఒట్టు! కానీ ఆ పిల్ల..."

"ఏ పిల్ల?"

ఉలీసెస్ గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "వాడి వెనక కూర్చున్న పిల్ల. ఆరేడేళ్లుంటాయేమో. ఆ పిల్ల లేచింది. తల ఇటు పక్క... లోపలికి పోయి ఉంది. ఏడవలేదు. నడుచుకుంటూ వచ్చి నా ట్యాంకరు ఎక్కి కూర్చుంది. నేను పారిపోలేదు ఓడీ... ఆ పిల్లే 'పోదాం' అంది."

"అబద్ధం. వాడు ఒక్కడే బయల్దేరాడు. ఊరంతా చూశారు. దొరికింది ఒక్క శవమే."

"తెలుసు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆ రేకుని మర్నాడే విప్పి కొండ అంచు మీదనుంచి సముద్రంలోకి విసిరేశాను. నా చేతుల్తో విసిరాను. అది మన దొడ్లోకి ఎలా వచ్చింది?"

 గూడు దగ్గర, మంచులో, ఎవరో ముక్కు ఎగబీల్చారు. చలికి జలుబు చేసిన పిల్లలు ఎగబీల్చినట్టు. ఉలీసెస్ రెండు చేతుల్తో చెవులు మూసుకున్నాడు.

"నన్ను స్టేషన్‌కి తీసుకుపో" అన్నాడు. "జైల్లో పెట్టమను. కానీ ఆ ట్యాంకరు మాత్రం ఎక్కనివ్వకు. నీ కాళ్లు పట్టుకుంటా..."

బండి మీద ఎక్కించుకోలేదు. ముందు అతన్ని నడిపించి, వెనకాల తను బండి మీద దీపం వేసుకుని, పశువుని తోలినట్టు ఊళ్లోకి తోలుకొచ్చింది. మధ్యలో కూలబడితే హారన్ కొట్టి లేపింది. జాలి పుట్టలేదు. పుడుతుందేమోనని భయపడింది కూడా.

పోలీసులు అతని మాట రాసుకుని లోపల వేశారు. పిల్ల సంగతి విని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఈ తీరంలో ఏ ఊళ్లోనూ పిల్ల తప్పిపోయిందని ఎవరూ చెప్పలేదట.

ట్యాంకరు తాళాల కోసం సార్జెంటు ఒయార్సున్ మర్నాడు ఉదయం వచ్చాడు. ఎండ బాగా కాస్తోంది. ఓడిలియా కూడా వెంట వెళ్లింది. ఆ ట్యాంకరుని తన చేతుల్తో ముక్కలు కొయ్యాలని ఉంది ఆమెకి. ఇనుము కోసే గ్యాసు మంట గొట్టం కూడా తెచ్చుకుంది.

సార్జెంటు ట్యాంకరు తలుపు తెరిచి ఆగిపోయాడు. "అమ్మా, నీ మొగుడు పక్క సీటులో ఏం పెట్టుకుని తిరిగేవాడు?"

సీటు ఖాళీగా ఉంది. కానీ సీటు బెల్టు పెట్టి ఉంది. సీటుకి ఆనుకుని లేదు. జానెడు ముందుకి, ఏదో చిన్న ఒంటి చుట్టూ బిగించినట్టు, గట్టిగా సాగి ఉంది.

సార్జెంటు మీట నొక్కాడు. ఊడి రాలేదు. రెండు చేతుల్తో లాగాడు. కదల్లేదు. చెమట తుడుచుకుని, జేబులోంచి కత్తి తీసి బెల్టుని మధ్యకి కోసేశాడు.

తెగిన కొసలు రెండూ కింద పడలేదు. చిన్న పిడికిళ్లు పట్టుకున్నట్టు గాల్లోనే ఉన్నాయి.