ఒకటో నంబరు ప్రమాదం

చిన్నమణి వాకిలి గుండా రాలేదు. వేలూరు కోటకు ఎదురుగా ఉన్న వీరుల బోర్డు ఆఫీసులో మూడో అంతస్తు కిటికీ పట్టుకుని వేలాడుతూ, లోపల బల్ల ముందు కూర్చున్న అలమేలుమంగను చూసి గొంతు సవరించుకున్నాడు. ఒళ్ళంతా మసి. ఒక కనుబొమ్మ సగం కాలిపోయింది.

“అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మంటల్లో నుంచి మనుషుల్ని ఎత్తుకొచ్చినాను మేడమ్. దానికి నాలుగో నంబరు ఏసినారంట?”

ఆమె తలెత్తలేదు. “ముందు లోపలికి రాప్పా. కిటికీకి మొన్ననే రంగేసినారు.”

ఎగిరేవాళ్ళు, గోడలు మోసేవాళ్ళు, నీళ్ళ కింద గంటసేపు ఊపిరి బిగబట్టేవాళ్ళు, అందరూ ఆ బోర్డు కింద సర్కారు జీతగాళ్ళే. ఏ పని ఎంత ప్రమాదమో తేల్చి నంబరు వేయడం అలమేలుమంగ ఉద్యోగం. ఒకటోది పెద్ద గండం. ఐదోది చెట్టెక్కిన పిల్లిని దించడం. ఒక్కసారైనా ఒకటో నంబరు పని చేసినవాడికే ఉద్యోగం పర్మనెంటు. తిరువలం రైతుబిడ్డ చిన్నమణి దించిన పిల్లులకు లెక్కే లేదు.

“మంత్రిగారి కటౌటు ఒరిగితే నిలబెట్టినోడికి మాత్రం ఒకటో నంబరు ఎట్లొచ్చె?” అన్నాడు.

“ఆ కటౌటు పడితే ఎవురి మీద పడతాది?”

“మంత్రి మీద.”

“నీ మంట?”

“కూలోళ్ళ మీద.”

“తెలిసే అడగతా ఉండావే,” అని సొరుగులోంచి కాలిన గాయాల మందు తీసి ఇచ్చింది. “రాసుకో. కనుబొమ్మ లేకుండా కోపంగా చూస్తే ఎవురూ నమ్మరు.”

ఆ రూలు పెట్టినది చైర్మన్ లోకనాథం. ప్రమాదం ఎంత అని కాదు, ఎవరికి అని చూడాలని ఆయన సిద్ధాంతం. తోళ్ళ ఫ్యాక్టరీ గోడ కూలినప్పుడు అలమేలుమంగ కొత్తలో తెలియక ఒకటో నంబరు వేస్తే, పిలిచి కాఫీ ఇప్పించి, చాలా మర్యాదగా ఆ నంబరు కొట్టేయించాడు. ఆయనకు ఎగరడం రాదు, బరువులెత్తడం రాదు. ఏ పార్టీ గెలిచినా కుర్చీలోంచి లేవకపోవడం ఒక్కటే ఆయన అతీత శక్తి.

ఆ నాలుగో నంబరు తర్వాత చిన్నమణికి ప్రతి నంబరూ అన్యాయంగానే తోచింది. ప్రతి అన్యాయానికీ కిటికీ దగ్గరికి వచ్చాడు. వానలో తడిసి వస్తే ఆమె తిడుతూనే అతని వీపున కట్టిన శాలువా విప్పించి పిండేది. వీరుల శాలువాలు నేయించి ఇచ్చేది గుడియాత్తంలో లుంగీల వ్యాపారి సుందరరాజులు, అంటే ఆమె తండ్రి. శాలువాకు ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ రంగు అంచు. ఎన్నికలు దగ్గరపడితే ఆయన రెండు రంగుల నూలూ అద్దించి పెట్టుకుని, ఇద్దరు దేవుళ్ళకూ మొక్కుకునేవాడు.

ఒకనాడు ఆమె తిట్టలేదు. శాలువా పిండుతూ మెల్లగా చెప్పింది, శుక్రవారం చైర్మన్ తన కొడుకు బాలసుబ్రమణ్యాన్ని తీసుకుని పెళ్ళిచూపులకు వస్తున్నాడని. సంబంధం కుదిరితే శాలువాల కాంట్రాక్టు ఇక ఎప్పటికీ నాయనదేనని.

“నువ్వేమన్నావు?”

“నన్నడిగితే గదా.”

“నేనొచ్చి మీ నాయనను అడిగేదా?”

“టెంపరరీవాణ్ణి మా నాయన అరుగు కూడా ఎక్కనీడు.”

చిన్నమణి తడి శాలువాతోనే వెళ్ళిపోయాడు. మళ్ళీ కిటికీ దగ్గరికి రాలేదు.

శుక్రవారం సాయంత్రం వైర్‌లెస్‌లో ఆమె గొంతు వినబడింది. “చిన్నమణీ, ఒకటో నంబరు. గుడియాత్తం బజారు, సుందరరాజులు ఇల్లు. వాకిలి నుంచి వస్తే ఇడవరు.”

జన్మలో మొదటి ఒకటో నంబరు. కానీ పాలారు మీదుగా ఎగురుతున్నంతసేపూ పర్మనెంటు మాట అతనికి గుర్తే రాలేదు. నూలు బేళ్ళున్న ఇల్లు, నిప్పంటుకుంటే ఆమె లోపలే ఉంటుంది. ఆ ఒక్కటే తలలో తిరిగింది. ఇల్లు కనబడగానే తలకిందులుగా దూకి, పెంకులు పగలగొట్టుకుని బజ్జీల పళ్ళెం పక్కన పడ్డాడు.

“ఒకటో నంబరు ప్రమాదం. అందరూ బయటికి పదండి!”

ఒకటో నంబరు ఎవరికోసం వేస్తారో లోకనాథం కంటే బాగా తెలిసినవాడెవడు? ఏ ఎన్నికా లేపలేని మనిషి కుర్చీలోంచి లేచి పరుగెత్తాడు. బాలసుబ్రమణ్యం దారిలో కూర్చున్న అలమేలుమంగ అవ్వను ఒక్క దూకులో దాటి తండ్రిని మించిపోయాడు. కారు కదిలింది. నాలుగు చెప్పులు గడపలోనే ఉండిపోయాయి.

చిన్నమణి వాసన చూశాడు. బజ్జీల వాసన తప్ప ఏమీ లేదు.

“ప్రమాదం యాడ?”

“ఈడనే,” అంది అలమేలుమంగ. “ఇంకా రొంత సేపుంటే తాంబూలాలు మార్చుకొని ఉందురు.”

“ప్రమాదం ఎవురికి?”

రోజూ తను అతన్ని అడిగే ప్రశ్నే. ఆమె తలెత్తి చూసింది. “నాకు.”

చిన్నమణికి కాళ్ళు నేల మీద లేవని కాస్త ఆలస్యంగా తెలిసింది. “రూలు ప్రకారం నంబరు తప్పు గదా మేడమ్?”

“ఇన్నాళ్ళు ఏసినవే తప్పు. ఇదొక్కటే సరిగ్గా ఏసినాను. ముందు కిందికి దిగు, మా నాయన చూస్తా ఉండాడు.”

సుందరరాజులు కప్పుకు పడిన బొక్కను చూశాడు. గడపలోని చెప్పులను చూశాడు. కాంట్రాక్టు ఏ దారిన పోయిందో ఆయనకు అర్థమైంది.

అవ్వ పంకజమ్మ చేతిలోని బజ్జీ ఇంకా వదల్లేదు. “ప్రమాదమంటానే ఒకడు నా మీద నుంచి దూకి పోయె. ఇంకొకడు పైనుంచి దూకి వచ్చె. బిడ్డను ఎవురికిస్తావో నువ్వే చూసుకో నాయనా.”

“వీడు టెంపరరీ గదమ్మా,” అన్నాడు సుందరరాజులు.

“ఒకటో నంబరు చేసినాడు, ఇంక పర్మనెంటే,” అంది కూతురు. “చైర్మన్ సంతకం పెట్టకుంటే, ఆయన ఎట్ల పరుగెత్తినాడో నేను రిపోర్టు రాయాల. దానికంటే సంతకం సులువు.”

సుందరరాజులు గడపలోని చెప్పులను పక్కకు నెట్టాడు. వ్యాపారి కదా, పోయిన సరుకు గురించి ఏడవడు. “సరే. వాళ్ళమ్మను పిల్చుకొని రమ్మను. ముహూర్తం మాత్రం ఈ ఎలక్షన్ ఓట్లు ఎంచినాక పెడదాము. పెండ్లి పంచెకు ఏ రంగు అంచు ఏయాలో తేలనీ.”

“వాడు చేసుకొనేది నీ కూతుర్నిరా, సర్కారును గాదు. తెల్లగానే నేయించు,” అంది అవ్వ.

చీకటి పడేలోపు చిన్నమణి నిచ్చెన లేకుండానే పెంకులు కప్పసాగాడు. అలమేలుమంగ కింద నుంచి ఒక్కొక్కటే అందిస్తోంది. ప్రతి పెంకుకూ వేళ్ళు తగలాల్సిన అవసరం లేదు, కానీ తగిలాయి. ఇంతలో వాన మొదలైంది. పని అయిపోయిందని అతను దిగాడు. సుందరరాజులు నెత్తిన టప్పున ఒక చుక్క పడింది.

“ఏమప్పా, ఈడ ఇంకా కారతా ఉండాదే.”

అలమేలుమంగ చేతిలో ఒక పెంకు మిగిలే ఉంది. దాన్ని వీపు వెనక్కి దాచింది.

“రేపొచ్చి కప్పుతాను మామా,” అన్నాడు చిన్నమణి.

సుందరరాజులు పైకి చూశాడు, తుండుతో నెత్తి తుడుచుకున్నాడు. ‘మామా’ అన్నందుకు మాత్రం ఏమీ అనలేదు.