నిత్యకలుపు

చంద్రుడి మీద గనుల కాలనీలో షిఫ్టు దిగినవాళ్లు దుమ్ము సూటు విప్పీ విప్పకుండానే క్యాంటీన్‌కి పరుగెత్తుతారు. తిండి కోసం కాదు, ముక్కల విలువ ఇరవై ఒకటికి చేరితే గెలిచే పేకాట బ్లాక్‌జాక్ కోసం. పందెం చింతపిక్కలు. చింతపండు భూమి నుంచి రావాల్సిన చోట అవి బంగారమే మరి!

క్యాంటీన్ తరఫున వంటాయన అసిరయ్య ముక్కలు పంచేవాడు. పాత డ్రిల్లరు సన్యాసినాయుడు గెలిచేవాడు. పడిన ముక్కల్ని ఆయన మనసులోనే లెక్కపెట్టుకునేవాడు. చిన్నవి అయిపోతే మిగిలేవి ఎక్కువగా బొమ్మలూ ఆసులే. అప్పుడు అవకాశం ఆడేవాడివైపు మొగ్గుతుంది. అందుకే ఆయన్ని లెక్కల నాయుడు అనేవారు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

అలాంటి మనిషి ఈమధ్య సొంత మేనకోడలి పేరే మరిచిపోయి, ఊళ్లో ఏ ఆడపిల్లనైనా పిలిచినట్టు 'గుంటా' అని పిలిచి నెట్టుకొస్తున్నాడు. ఆ మేనకోడలే యంత్ర శాస్త్రవేత్త పైడిరత్నం. మావయ్య లెక్క తప్పి నలుగురిలో నవ్వులపాలవుతాడేమోనని ఆమెకి బెంగ పట్టుకుంది. ఆలోచించి ఆలోచించి 'నిత్యకలుపు' కనిపెట్టింది. ఆట ముగియగానే అది పడిన ముక్కల్ని లోపలికి లాక్కుని, ర్యాండమ్ నంబర్ జనరేటర్ సాయంతో మిగతావాటిలో ఏ వరసా లేకుండా కలిపేస్తుంది. ఏ ముక్క పోయిందో గుర్తుపెట్టుకున్నా లాభం లేదు. జ్ఞాపకం ఉన్నవాడూ లేనివాడూ దాని ముందు ఒక్కటే.

అమ్మయ్య అనుకుంది రత్నం. కానీ నాయుడు వరసగా ఓడాడు. వారం తిరక్కుండా ఆటకి రావడమే మానేశాడు.

"మావయ్యా, అందరూ ఓడుతున్నారు కదా! నువ్వొక్కడివే అలిగితే ఎలా?"

"ఆ మిషను కాడ నాకేటీ పని నేదే గుంటా," అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రత్నం ఏడుస్తూ వెళ్లి అసిరయ్యతో చెప్పుకుంది. ఆయన గరిటె పక్కన పెట్టాడు.

"ఓలమ్మా, మీ మావయ్యకి లెక్క పోయి శానా కాలమైనాది. నానే కలిపినట్టు కలిపి, ఆడికి కావలసిన ముక్కలు ఎట్టేవోడిని. నీ మిషనుకి ఆ దొంగతనం రాదు గదమ్మా!"

మర్నాడు యంత్రం కాలిపోయిందని రత్నమే అందరికీ చెప్పింది.

నాయుడు వచ్చి తన పాత కుర్చీలో కూర్చున్నాడు. అసిరయ్య చేత్తో కలిపి పంచాడు. ఆసు, రాజు. ఇరవై ఒకటి! క్యాంటీనంతా ఒకటే కేక. రత్నం కళ్లు తుడుచుకుంటూ టీ తేవడానికి లేచింది.

ఆమె అటు తిరగ్గానే నాయుడు ముందుకి వంగి అసిరయ్య చెవిలో గొణిగాడు.

"నాకేసే ముక్కలు కాస్త నిదానంగా తియ్యరా బాబూ. గుంట సూసిందంటే మళ్లీ మిషను తెచ్చీగలదు!"