తడి తోలు ముందు పిలిచిన పేరు

ఓజోంగ్ చేతిలో పనుంటే నోట్లో పాట ఉండేది. మన్యు ఏటి ఒడ్డు ఊళ్ళల్లో ఆటతలలు చెక్కడంలో అతనికి సాటి లేరు. మెత్తటి కర్రలో మనిషి తల చెక్కి, నానబెట్టిన జింకతోలు దానిమీద బిగలాగి, అంచుల్లో కర్రమేకులు కొట్టేవాడు. తోలు ఎండుతూ బిగుసుకుంటుంటే ముఖం తేలేది. ఊరి సంఘంవాళ్ళు ఆ తలల్ని నెత్తిన కట్టుకుని ఆడతారు. ఆటకు ముందు ఎర్ర పామాయిల్ పట్టించాలి, లేకపోతే తోలు పగులుతుంది.

ఆ ఎండాకాలం ఫుంబన్ పట్నం నుంచి మెఫిరె వచ్చాడు. పాత తలలు కొని సముద్రం అవతల దొరలకు అమ్మడం అతని వ్యాపారం. సంఘం తల ఇమ్మన్నాడు.

"అది ఊరిదన్నా, నాది కాదు. కొత్తది చేసిస్తా. నాలుగు రోజులు పొగలో వేలాడదీశావంటే మీ తాతకంటే ముసలిదైపోతుంది."

మెఫిరె పొట్ట పట్టుకుని నవ్వాడు. బేరం కుదిరింది.

తోలు తడిగా ఉన్నంతసేపు ఆ పాకలో మనిషి పేరు పలకకూడదు. ఎవరినైనా పిలవాలంటే చప్పట్లు కొట్టాలి. ఓజోంగ్ తాత అలాగే చేశాడు, తండ్రీ అలాగే చేశాడు. మెఫిరె తలకి తోలు బిగించిన రోజు మాత్రం అతను పాకలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ పేర్లు పెట్టి వెక్కిరిస్తూ పని చేస్తున్నాడు.

"ఒరేయ్, తోలు ఇంకా ఆరలేదు. పేరు విని పలికినవాళ్ళని పట్టుకుంటుంది. నోరు కట్టుకో," అంది మేనత్త మన్యోర్ బయటినుంచి.

"ఇది సంత సరుకు అత్తా. ఎవరూ ఆడని తలకి ఆచారం ఎందుకు?"

ముసలిది ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఓజోంగ్‌కి దాహమేసింది. "అచెరే! నీళ్ళు పట్రా తల్లీ!" అని కేకేశాడు.

తల్లి లేని పిల్ల, ఎనిమిదేళ్ళది. సొరబుర్రతో గుమ్మంలో నిలబడింది.

"ఎందుకు నాన్నా రెండుసార్లు పిలిచావు?"

"ఒక్కసారే కదే పిలిచింది."

"లేదు... రెండోసారి నెమ్మదిగా పిలిచావు."

పాకలో తడి తోలు వాసన. ఎక్కడో మేకు కిర్రుమంది. తోలు బిగుస్తోందిలే అనుకున్నాడు.

మూడోనాటి మధ్యాహ్నానికి ముఖం తేలింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. తను చెక్కింది కాదు. ఆ గాటు ఎక్కడో చూసినట్టే ఉంది గానీ, లారీ హారన్ మోగుతోంది, మెఫిరె తొందరపెడుతున్నాడు.

"గాటుంటే పొగ అక్కర్లేకుండానే పాతదానిలా ఉంటుంది. ఇటివ్వు!"

తల గోనెసంచిలోకి వెళ్ళింది.

ఇంటికొచ్చేసరికి అచెరె కర్రపెండలం చెక్కు తీస్తోంది. ఓజోంగ్ దగ్గరికెళ్ళి కూతురి ముఖం ఎత్తి చూశాడు. పసితనంలో పొయ్యిరాయి మీద పడి తెగిన కనుబొమ్మ... నున్నగా ఉంది. గాటు లేదు.

పరిగెత్తాడు. రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఐదోనాటికి ఫుంబన్ చేరి మెఫిరె కాళ్ళు పట్టుకున్నాడు.

"ఓడెక్కేసిందయ్యా. ఎవరు కొన్నారో నాకేం తెలుసు?"

"పోనీ, నూనె రాయమని కబురైనా పంపన్నా. పగిలిపోతుంది!"

"నూనా? వాళ్ళు అంకెలు వేసి, గాజుపెట్టెలో పెట్టి తాళం వేసి, జనానికి చూపిస్తారు. నూనె చెయ్యి సోకనిస్తారా?"

దారంతా ఏడుస్తూ తిరిగొచ్చాడు. తన నోటితో తనే కూతుర్ని అమ్ముకున్నాడు.

ఉత్తరం నుంచి వీచే పొడి ఎడారి గాలి మొదలైంది. అచెరె బుగ్గలు బీటలు వారాయి. రక్తం రాలేదు. నొప్పి లేదంది. రోజూ గిన్నెడు పామాయిల్ పట్టించాడు. రాయి మీద రాసినట్టే, చుక్క కూడా ఇంకలేదు. సంఘం పెద్దలు వచ్చి చూశారు. తల ఎక్కడుందో తెలిస్తే కదా ఏమైనా చేయడానికి, అని లేచి వెళ్ళిపోయారు. మన్యోర్ దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

పిల్ల నడక తగ్గింది. మాట తగ్గింది. రెప్ప వేయడం తగ్గింది.

ఒక పొద్దున ఎండలో కూర్చోబెట్టి స్నానం చేయిస్తుంటే మెడ వెనక ఏదో కనిపించింది. గోరంత తెల్లటి పట్టీ, దాని మీద నల్లటి సన్నని గీతలు. చదువురాని ఓజోంగ్ బడిపంతుల్ని పిలుచుకొచ్చాడు.

"అంకెలు..." అన్నాడు పంతులు. మరి ముట్టుకోలేదు.

ఓజోంగ్ పీచుతో రుద్దాడు. ఇసుకతో రుద్దాడు. చెరగలేదు.

"ఊరుకో నాన్నా," అంది అచెరె చాలా నెమ్మదిగా. "ఇంతసేపూ చీకటిగా ఉంది. ఇప్పుడు తలుపు తీస్తున్నారు... చాలామంది వస్తున్నారు."

వాకిట్లో తండ్రీ కూతుళ్ళు, పంతులు తప్ప ఎవరూ లేరు. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. అచెరె కళ్ళల్లో మాత్రం, గాజు మీద పడ్డట్టు, ఒక చిన్న దీపం వెలిగింది. ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి... వరుసగా.