నలభై ఒకటో కార్డు

"ఈ రాయి ఎక్కడుందండీ?"

తాళాలమ్మ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టేసరికి లిపిగారి చేతిలో టీ ఒలికింది.

మ్యూజియం కింది అంతస్తులో వీళ్లకి ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ అతుక్కుపోయాయి. గోదాం తాళాలన్నీ ఆమె నడుముకి వేలాడుతుంటాయి కాబట్టి ఆమె తాళాలమ్మ. పాత రాళ్ల మీది రాతలు చదవడం అతనొక్కడికే వచ్చు కాబట్టి అతను లిపిగారు.

వచ్చే వారం ఎగ్జిబిషన్. వందల ఏళ్ల కిందట దేవుళ్లకి మొక్కుకుని, కోరిక తీరాక జనం చెక్కించి నిలబెట్టిన రాళ్లు నలభై. తుపానులోంచి బయటపడ్డ పడవవాడిది ఒకటి, చూపు తిరిగొచ్చిన దర్జీది ఒకటి, పురిట్లో బతికి బట్టకట్టిన భార్య కోసం ఒక సైనికుడు పెట్టించింది ఒకటి. లిపిగారు ఒక్కో రాతనీ మామూలు మాటల్లోకి మార్చి కార్డు మీద రాసి ఆమె ట్రేలో వేయాలి. ఆమె దాన్ని రాయితో సరిచూసి నంబరు వేయాలి. పని ఇంతే.

సోమవారం ఆ ట్రేలో నలభై ఒకటో కార్డు పడింది.

"కింది గదుల దేవతకి. పేరు చెరిగిపోయిన ఒకడి మొక్కు. ఆమె వస్తున్న చప్పుడు వాడు మెట్ల మీదే గుర్తుపడతాడు. ఆమె ఒక్కసారి తలెత్తి తనని చూస్తే, తన మిగతా పొద్దులన్నీ ఆమెవే."

రెండేళ్లు ధైర్యం కూడగట్టి లిపిగారు రాసింది ఇదే. పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యాడక చెరిగిపోయిందని రాసేశాడు. అయినా తన చేతిరాత ఆమె గుర్తుపడుతుందిలే అనుకున్నాడు. మిగతా నలభై కార్డులూ తన చేతిరాతేనన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనేలేదు.

ఇప్పుడు ఆ కార్డు నిండా ఎర్రసిరా. కొలతలెంత? ఏ అరలో ఉంది? చివరి వరుస విరిగిందా, మీరు వదిలేశారా?

"ఏంటండీ, అలా చూస్తారు? చివరి వరుస సంగతి అడిగాను."

"అది... ఇంకా లేదండీ. కోరిక తీరితేగానీ చివరి వరుస ఉండదు."

"తీరకపోతే అసలు రాయే పెట్టరని మీరే కదా చెప్పారు?"

లిపిగారు ఒలికిన టీ తుడవసాగాడు. ఈవిడకి నిజంగా అర్థం కాలేదా, లేక అర్థమయ్యే ఇంత మర్యాదగా కాదంటోందా?

"సరే, నేనే వెతుక్కుంటాను" అని ఆమె తాళాలు గలగలమనిపిస్తూ వెళ్లిపోయింది.

మంగళవారం వెతికింది. బుధవారమూ వెతికింది. బయట ఒకటే వాన. లోపల ఆమె జుట్టు నిండా బూజు. సాయం చేస్తానని వెళితే "మీరు రాకండి" అని కసిరింది. పోనీ కోపమేమో అనుకుంటే, గురువారం తనే వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"ఆ అమ్మాయి తలెత్తి చూసిందంటారా?"

"ఏ అమ్మాయండీ?"

"రాతి మీది అమ్మాయి."

"మీకేమనిపిస్తోంది?"

"చదివేది మీరు. నన్నడుగుతారేంటి?"

వచ్చినంత విసురుగానే వెళ్లిపోయింది. లిపిగారికి బుర్ర తిరిగిపోయింది. వెయ్యేళ్ల నాటి రాత, సగం అరిగిపోయినా సరే, పావుగంటలో తేల్చేయగలడు. ఈ నాలుగు మాటల్లో ఏముందో మాత్రం రాత్రంతా ఆలోచించినా అంతుపట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతను మ్యూజియం పెద్దసారు గది ముందునుంచి వెళుతుంటే లోపలి మాటలు వినపడ్డాయి.

"కార్డులు నలభై ఒకటి, రాళ్లు నలభై. నాలుగింటికి ఆ రాయి చూపించు. లేదంటే పోయిందని రిపోర్టు మీద సంతకం పెట్టమ్మా. తాళాలు నీ దగ్గరే కదా. ఎంక్వయిరీ అయ్యేదాకా నువ్వు ఇంటి దగ్గరే ఉండాలి."

తాళాలమ్మ పెన్ను తీసింది. లిపిగారు తలుపు కొట్టడం కూడా మర్చిపోయి లోపలికి దూరాడు.

"సార్, ఆ రాయి పోలేదు. అసలు లేదు. కార్డు నేనే కల్పించి రాశాను."

"ఎందుకయ్యా?"

పెద్దసారుకి జవాబు చెప్పాల్సినవాడు ఆమెవైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఈసారి పేరు చెరిపేసుకోదల్చుకోలేదు.

"మొక్కుకున్నవాణ్ణి నేనేనండీ. మెట్ల మీద చప్పుడు మీ తాళాలదే."

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రిపోర్టు కాగితం చించి బుట్టలో వేశాడు.

"నాకు నలభై కార్డులు చాలు. ఇంకోసారి ఇలాంటివి ఆఫీసు కార్డు మీద రాస్తే నీ సంగతి చెప్తాను. ఆ ఒక్కటీ ఎక్కడ పెట్టుకుంటారో మీరే చూసుకోండి" అని ఇద్దర్నీ బయటికి పంపేశాడు.

మెట్ల దగ్గర ఆమె ఆగి వెనక్కి తిరిగింది.

"నాలుగు రోజులు నాచేత రాళ్లు మోయించారు" అంది ఆమె.

"తప్పయిపోయిందండీ."

"సోమవారమే మా అమ్మమ్మకి చదివి వినిపించాను. ఇది రాతి మీది మాట కాదే పిచ్చిదానా, బతికున్నవాడెవడో రాశాడు అంది."

"మరి ఎందుకు వెతికారు?"

"అది మీ మాటేనని నమ్మేశాక నిజంగానే ఏ రాయో దొరికితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఆమె గొంతు తగ్గింది. "దొరక్కూడదు, దొరక్కూడదు అనుకుంటూనే ఒక్కో అర తెరిచాను. ఆఖరి అర ఖాళీగా ఉండేసరికి ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు."

అతను పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చాడు.

ఆమె మెట్టు మీద కూర్చుని కార్డు ఒళ్లో పెట్టుకుంది. నంబరు గడి వదిలేసింది. ఉన్న చోటు అనే గడిలో "నా దగ్గర" అని రాసింది. తర్వాత అడుగున, ఖాళీగా ఉన్న చివరి వరుసలో ఎర్రసిరాతో నింపాదిగా ఏదో రాసి అతని చేతికిచ్చింది.

"చదవండి. చదవడం మీ పనే కదా."

"ఆమె ఎప్పుడో చూసింది. వాడే రాళ్లలోంచి తలెత్తలేదు."