కర్రెగాడు మూతి పెట్టిన పడుగు

“ఆ కుక్కపిల్లకు మన మాట తెలుస్తదానే?” అని సోమమ్మ అడిగింది.

ఆండాళు రాట్నం తిప్పడం ఆపేసింది. నిన్నటి నుంచి ఆ కుక్కపిల్ల గురించే ఆలోచిస్తోంది గానీ, ఈ ప్రశ్న మాత్రం ఆమెకు తట్టలేదు. అది బీజాపూరు దాటి ఎక్కడో పుట్టిన కుక్క. అక్కడివాళ్లు కన్నడం మాట్లాడతారట. మరి ‘దా’ అంటే వస్తుందా? ‘పో’ అంటే పోతుందా?

“ఏమో” అంది ఆండాళు.

“మాంసం పెట్టాలంటనా?”

“ఏమో.”

“చలికాలం ఏం కప్పుతవు?”

“ఏమోనే! నా పానం తియ్యకు!”

సోమమ్మ పక్కింటి పిల్ల. ఆండాళుకు మంచి స్నేహితురాలే. కానీ ప్రశ్నలు అడగడం మొదలుపెడితే జడివాన పట్టినట్టే, ఆగదు.

ఇంతకీ సంగతేమిటంటే, వాళ్లది నారాయణపేటలో మగ్గాల గల్లీ. అక్కడ తెల్లవారకముందే ఎవరో ఒకరి పడుగు వీధిలోకి వస్తుంది. చీరకు నిలువుగా ఉండే పోగులన్నిటినీ కలిపి పడుగు అంటారు. దాన్ని వీధి పొడవునా కర్రల మీద పరిచి, జొన్నపిండితో కాచిన గంజి రాసి, పెద్ద కుంచెతో దువ్వుతారు. గంజి పట్టి ఆరితేనే పోగు గట్టిపడుతుంది. లేకపోతే మగ్గం మీద పుటుక్కుమని తెగుతుంది.

గంజి వాసనకు మేకలు వస్తాయి, కుక్కలు వస్తాయి. ఒక్కసారి నాలుక పెట్టాయంటే పోగులన్నీ చిక్కుపడి తెగుతాయి. అందుకే పడుగు దగ్గర కాపలా ఉండాలి. సిద్దయ్య ఇంట్లో ఆ కాపలా ఆండాళుది. ఆయన కూతురే ఆండాళు. వయసు పదేళ్లు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు కంట్రోలులో, అంటే సర్కారు పంచే లెక్కలోనే దొరికేది, అదీ దొరికితే దొరికినట్టు. ఒక పడుగు పాడైతే మళ్లీ నూలు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. సిద్దయ్యకు ఆ భయం రాత్రింబవళ్లు ఉండేది.

ఆ భయం చూసే గుర్వయ్య ఈ మాట తెచ్చాడు. గుర్వయ్య ఈ ఊరి చీరలు రైలుమీద దూరదూరాలకు తీసుకుపోయి అమ్మేవాడు. ఆండాళు ఆయన్ని మామ అని పిలిచేది.

“బీజాపూరు అవుతల ఒక పాటిలు, ఊరిపెద్ద, ఉన్నడు బావా” అన్నాడు గుర్వయ్య, సోమవారం నాడు అరుగు మీద కూర్చుని. “జాతి కుక్కల్ని సాకుతడు. సన్నటి మూతి, పొడుగు కాళ్లు. ఉరికిందంటే కండ్లకు ఆనదు. దాన్ని తెచ్చుకున్నవనుకో, మేక గాదు, ఈగ గూడ నీ పడుగు మీద వాలదు. ఒక పిల్లను ఇస్తనంటున్నడు. బదులుకు మన చీర ఒకటి ఇయ్యాలంట, ఎర్రంచుది.”

ఎర్రంచు చీర ఇంట్లో ఒక్కటే ఉంది. అది అవ్వ కోసం నేసింది. ఆండాళు నాయనమ్మ లక్ష్మీనర్సమ్మ డెబ్బై ఏళ్లుగా చీరల మధ్యనే బతికింది. అయినా ఒంటి మీద ఉన్నది మాత్రం ఎప్పుడూ మాసికల చీరే.

“నా చీరనే ఇయ్యున్రి” అంది అవ్వ. “ఈ వయసుల నేను కట్టుకొని ఎవలకు చూపియ్యాలె? ఆ పాటిలు పెండ్లామన్న కట్టుకుంటది.”

అలా అంది గానీ, చీర ఉన్న పెట్టె మీద నుంచి ఆమె లేవలేదు.

సిద్దయ్య ఎటూ తేల్చుకోలేకపోయాడు. చివరికి కూతురి వైపు తిరిగాడు.

“పడుగు కాడ ఉండేది నువ్వు. దాన్ని సాకేది నువ్వు. తెచ్చుకుందామా వద్దా నువ్వే చెప్పు బిడ్డా. గుర్వయ్య శుక్రారం పోతడు. అప్పటిదాంక ఆలోచన చెయ్యి.”

పెద్దవాళ్లకే తేలని సంగతి పదేళ్ల పిల్ల నెత్తిన పెట్టాడు మహానుభావుడు. ఆండాళుకు ఒక గంట కావాలనిపించేది, ఇంకో గంట వద్దనిపించేది. పొడుగు కాళ్ల కుక్క తన పక్కన నడుస్తుంటే గల్లీ పిల్లలందరూ నోరు తెరిచి చూస్తున్నట్టు ఊహించుకుంటే కావాలనిపించేది. అవ్వ మాసికల చీర కంట పడితే వద్దనిపించేది. మళ్లీ మేకల్ని తరిమి తరిమి కాళ్లు లాగితే కావాలనిపించేది.

‘అసలు కుక్కను సాకడం నాకు వస్తదా?’ అనే అనుమానం కూడా పట్టుకుంది.

దానికి మాత్రం ఆమెకు ఒక ఉపాయం తోచింది. గల్లీలో కర్రెగాడు ఉన్నాడు కదా! కర్రెగాడంటే ఒళ్లంతా నలుపు, తోక కొస మాత్రం తెలుపు ఉన్న ఊరకుక్క. ఎవరి కుక్కా కాదు, అందరి కుక్క. వాడి మీద సాకడం నేర్చుకుంటే సరిపోతుంది.

మంగళవారం పొద్దున పక్కింటివాళ్ల పడుగు అయిపోయాక, కుండ అడుగున గంజి మిగిలింది. ఆండాళు దాన్ని గీకి, కొబ్బరి చిప్పలో పోసి కర్రెగాడి ముందు పెట్టింది. వాడు వాసన చూశాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఇది తినొచ్చా అన్నట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

“తినురా, ఏం కాదు” అంది ఆండాళు.

వాడు తిన్నాడు. చిప్ప అద్దంలా నాకేశాడు. బుధవారం కూడా పెట్టింది. ఆ రోజు వాడు తోక ఊపుకుంటూ తనే కుండ దగ్గరికి వచ్చాడు. ‘నాకు సాకడం వచ్చేసింది’ అని ఆండాళు పొంగిపోయింది.

గురువారం సిద్దయ్య పడుగు వీధిలోకి వచ్చింది. గంజి రాయడం అయింది. మగవాళ్లు చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఆండాళు ఒక కొసన కర్ర పట్టుకుని నిలబడింది. సోమమ్మ వచ్చి కొత్త కుక్కపిల్లకు ఏం పేరు పెడదామని అడిగింది. పేర్ల గొడవలో పడి ఇద్దరూ వీధి రెండో కొసను చూడనేలేదు.

చూసేసరికి కర్రెగాడు పడుగు కింద దూరి, ఆత్రంగా నాకుతున్నాడు.

“బాపూ!” అని ఆండాళు కేక పెట్టింది.

సిద్దయ్య పరుగున వచ్చాడు. చేతికందిన కర్ర తీసుకుని కర్రెగాడి వీపు మీద ఒక్కటి వేశాడు. వాడు కుయ్యోమని అరిచి పరుగెత్తాడు. కాళ్లకు చుట్టుకున్న పోగులు వాడు లాగిన ఊపుకు తెగిపోయాయి.

ఆ రోజంతా ఇంటిల్లిపాదీ తెగిన పోగుల్ని ముడివేస్తూ కూర్చున్నారు. సిద్దయ్య అన్నం కూడా తినలేదు.

“ఇన్నేండ్లల ఎన్నడన్న మూతి పెట్టిండా వాడు?” అంది అవ్వ. “మేకల్ని గూడ ఉరికిస్తుండె. ఇయ్యాల ఏం పుట్టిందో!”

“జాతి లేని కుక్క. దాని బుద్ధి గంతే” అన్నాడు సిద్దయ్య. “గుర్వయ్య బండిల ఎక్కిస్త. స్టేషన్ కాడ ఇడిసిపెడతడు.”

ఆండాళు తల వంచుకుని ముడులు వేస్తూనే ఉంది. ఆమెకు అంతా గందరగోళంగా ఉంది. వాడి బుద్ధే అంతా? గంజి పెట్టింది తను. కానీ చిప్పలో పెట్టింది, పడుగు మీద పెట్టలేదు కదా? మరి తప్పు ఎవరిది? వాడిదా, తనదా, సగం సగమా? ఇప్పుడు చెబితే బాపు కొడతాడా? చెప్పకపోతే కొత్త కుక్కపిల్ల వస్తుంది. వాడు మాత్రం పోతాడు.

ఎంత ఆలోచించినా ఒక చివర దొరకలేదు. ఆమె ఏమీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే ఇంటి ముందు ఎడ్లబండి నిలిచింది. కర్రెగాడి మెడకు తాడు కట్టి బండి గుంజకు బిగించారు. వాడు మొరగలేదు. వీపు నొప్పిగా ఉన్నట్టుంది, ఒక పక్కకే ఒరిగి కూర్చున్నాడు. అవ్వ ఎర్రంచు చీరను పాత గుడ్డలో చుట్టి తెచ్చి గుర్వయ్య చేతికిచ్చింది.

“చెప్పు బిడ్డా, తెమ్మందామా?” అన్నాడు సిద్దయ్య.

అందరూ ఆండాళు వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, సోమమ్మ ప్రశ్నల్లో ఒకదాన్ని పట్టుకుంది.

“మామా, ఆడ ఆ కుక్కలకు ఏం పెడతరు? మాంసమా?”

“మాంసం యాడికెల్లి వస్తది?” అని గుర్వయ్య నవ్వాడు. “జొన్న అంబలే! పుట్టినకాడికెల్లి అదే. పొద్దుగాల తొట్టి నిండ పోస్తే గుటగుట తాగుతయి. అందుకే గా కాళ్లు గట్ల ఉంటయి.”

గంజీ జొన్నదే, అంబలీ జొన్నదే. అంత దూరం నుంచి వచ్చే ఆ కుక్కపిల్ల చిన్నప్పటి నుంచీ తాగేది కూడా ఇదే. ఈ గల్లీలో దిగిన మొదటి రోజే అది ఎక్కడ మూతి పెడుతుందో ఆండాళుకు కళ్లకు కట్టింది. అప్పుడు బాపు దాన్ని కూడా కర్రతో కొడతాడు. దాన్ని కూడా బండి ఎక్కిస్తాడు.

కుక్కపిల్ల కావాలని ఆమెకు ఇంకా చాలా ఆశగా ఉంది. అందుకే ఏడుపు వచ్చింది.

“బాపూ, కర్రెగానికి గంజి అలవాటు చేసింది నేనే” అంది. “కుండ గీకి రెండు రోజులు పెట్టిన. వాడు ముందుగాల తినలే. నేనే తినమన్న.”



“నిన్న ఎందుకు చెప్పలే?” అన్నాడు సిద్దయ్య.

“నువ్వు కొడతవని. ఇగ... నాకు సాకుడు రాదని కొత్త కుక్కను వద్దంటవని.”

సిద్దయ్య చెయ్యి ఎత్తలేదు. బండి వైపు నడిచాడు. కర్రెగాడు ఆయన్ని చూసి వెనక్కి వెనక్కి జరిగాడు. అది చూసి ఆయన మొహం చిన్నబోయింది. తాడు విప్పమని కూతురికి సైగ చేసి పక్కకు తప్పుకున్నాడు.

“మరి పాటిలుకు ఏం జెప్పాలె?” అన్నాడు గుర్వయ్య, అయోమయంగా తల గోక్కుంటూ.

ఆండాళు ముక్కు తుడుచుకుని తాడు ముడి విప్పుతూ అంది. “వద్దని చెప్పు మామా. మా గల్లీ నిండ గంజే ఉంటది. పాపం, దానికేం తెలుస్తది, ఏది తాగేదో ఏది పడుగో.”

“అయితే ఆ చీర ఇటియ్యి” అని అవ్వ గుర్వయ్య చేతిలో నుంచి మూట లాక్కుంది. “పాటిలు పెండ్లానికి రాసిపెట్టి లేదు, నేనేం జెయ్యాలె!”

ఆండాళు కర్రెగాడిని బండి దించింది. వాడు ఆమె చేతిని వాసన చూశాడు గానీ, సిద్దయ్య ఇంట్లోకి వెళ్లేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

పది రోజుల తర్వాత మళ్లీ వాళ్ల పడుగు వీధిలోకి వచ్చింది. ఈ పది రోజులూ ఆండాళు వాడికి ఇంటి వెనకాల రొట్టెముక్కే పెట్టింది. గంజికుండను గీకకుండా కడిగి, ఆ నీళ్లు పెంటకుప్ప మీద పోసింది. అయినా ఆ పొద్దున గంజి వాసన తగలగానే కర్రెగాడి తోక ఊగింది. ఆండాళు వాడి మెడకు మెత్తటి గుడ్డతాడు కట్టి, రెండో కొసను తన నడుముకు ముడివేసుకుంది.

“అది ఉరికితే నువ్వు గూడ పడతవు గదనే!” అంది సోమమ్మ.

“పడితే పడత. నేను నేర్పిందే గదా.”

వాడు పడుగు వైపు లాగాడు. ఆమె ఇటు లాగింది. వాడు కూర్చుని ఆమె మొహంలోకి చూశాడు. మొన్న తినమన్న మనిషే ఈరోజు ఎందుకు వద్దంటోందో వాడికి ఏమాత్రం అర్థం కాలేదు. ఆమె వాడి తల నిమిరింది. కాసేపాగి వాడు మళ్లీ లాగాడు. ఎండ ఎక్కి గంజి ఆరేదాకా ఇదే వరస.

ఆ రోజు పడుగులో ఒక్క పోగు కూడా తెగలేదు. ఆండాళు లంగా మాత్రం నడుము దగ్గర జానెడు చిరిగింది.